మెరుపు లేని అద్దాలు

కొత్త కళ్లద్దాలను గిన్నెలు తోమే పీచుతో రుద్దుతున్న భర్త చేతిలోంచి మాణిక్యం వాటిని లాక్కుంది.

"మతిగానీ పోయిందా? లైటు మెరవకుండా వేసిన యాంటీ గ్లేర్ పూత ఊడిపోతుంది! మెత్తటి గుడ్డతోనే తుడవమని షాపు భయ్యా చెప్పాడుగా!"

"ఊడాలనే రుద్దుతున్నా," అన్నాడు వీరరాఘవులు. "పాత అద్దాల మీద ట్యూబ్‌లైటు మెరిసేది. మీటింగులో వింటున్నానో, నిద్రపోతున్నానో ఎవడికీ తెలిసేది కాదు. నిన్న డైరెక్టరు అందరి ముందూ 'రాఘవులు జీ, గుడ్ మార్నింగ్' అన్నాడు. సాయంత్రం పూట!"

మాణిక్యం పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక కూడా అద్దాలు తిరిగివ్వలేదు.

"మా నాన్న పోయినప్పుడు మీ ముఖం చూశాను. అద్దాల్లో లైటు తప్ప ఏమీ కనిపించలేదు. ఈయనది రాతిగుండె అనుకున్నాను. ఇన్నేళ్లూ అదే అనుకున్నాను."

"ఇప్పుడదెందుకే?"

"మొన్న మన అమ్మాయి తేజశ్రీని గ్రేటర్ నోయిడా హాస్టల్లో దింపి వస్తూ బస్సులో జోకులేస్తూనే ఉన్నారు. ఈ కొత్త అద్దాల్లోంచి కళ్లు మాత్రం నిండిపోయి కనిపించాయి."

"దుమ్ము పడింది."

"మా నాన్న పోయిన రోజు కూడా దుమ్మేనా?"

వీరరాఘవులు పీచును గట్టు మీద పెట్టాడు. "మామయ్య నన్ను కొడుకులా చూసుకున్నాడే," అన్నాడు మెల్లగా.

మాణిక్యం అద్దాలను నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, తనే అతని ముఖానికి పెట్టింది. ఓ మూల పూత కాస్త లేచింది, అంతే.

"ఇంకా ఏమేం కనిపెట్టావు?" అన్నాడతను భయంగా.

"నా కాకరకాయ వేపుడు అద్భుతమన్నారే, ఆ అబద్ధం."