కన్నాలు మూసిన అచ్చు

గుడివాడలో మిషను కోసిచ్చిన కొత్త చెక్క అచ్చును రంగులో ముంచి గుడ్డ మీద అద్దాను. చిలక రావలసినచోట నల్లటి ముద్ద పడింది. మళ్లీ అద్దాను. మళ్లీ ముద్దే.

"ఛీ! ఇది చిలకా, పేడముద్దా? ఇదేనా నువ్వు బాగుచేయడం?" అని మనవరాలు హారిక మీద విరుచుకుపడ్డాను.

కంప్యూటర్లో బొమ్మల తప్పులు సరిచేసి మిషన్లకు పంపడమే దాని ఉద్యోగం. మా ఆయన చెక్కిన చిలక అచ్చు బీటలు వారితే, దాన్నీ అలాగే బాగుచేద్దామని స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించింది. ఆ చిలక పెడనలో మరెవరి దగ్గరా లేదు.

అచ్చు తిరగేశాను. వెనక అద్దంలా నున్నగా ఉంది. గాలీ, ఎక్కువైన రంగూ పోవడానికి మా ఆయన తొలిచిన కన్నాలు ఒక్కటీ లేవు.

"కన్నాలెందుకు మూశావే, బుద్ధిలేనిదానా?"

"కంప్యూటరు వాటిని తప్పులని చూపించింది మామ్మా. నిన్నడిగితే, పురుగు తొలిచినవే, అన్నీ మూసెయ్ అన్నావు."

అన్నాను, చూడకుండానే. మిగతా అచ్చులకూ పురుగు పడుతుందన్న భయంతో పాతదాన్ని రంగు కాగు కింద పొయ్యిలో పెట్టేశాను కూడా. నలభై ఏళ్లు నా అరచేతి కిందే ఉన్న కన్నాలు! నా మీద నాకే రోత పుట్టింది.

"ఏడవకు మామ్మా. కన్నాలున్న ఫైలు అలాగే దాచాను. బాగుచేసేముందు పాతది దాచుకోవడం మాకు నేర్పే మొదటి పని."

పొయ్యిలో బూడిద వంక చూడలేక ముఖం తిప్పుకున్నాను.

"ఆ ఫైలుకి పురుగు పట్టదు కదే?" అన్నాను.