మూడింటి దాకా

తెల్ల ల్యాండ్‌క్రూజర్ ఇంకా వెనకే ఉంది.

దోహాలోని అల్ అజీజియా పేటలో విల్లా గేటు దాటినప్పటి నుంచీ డ్రైవర్ రత్నాకర్ అద్దంలో దాన్నే చూస్తున్నాడు. చెమటకు స్టీరింగు చేతుల్లోంచి జారుతోంది. టైము రెండూ పది. మూడింటి దాకా వాళ్ళకు చిక్కొద్దు. మేడమ్ చెప్పింది ఆ ఒక్క మాటే.

మేడమ్ పేరు సోల్వేగ్. ఐస్‌లాండ్‌లో వాళ్ళ నాన్న మాటే శాసనం. ఆయన్ని అడగందే అక్కడ చేప కూడా వలలో పడదని విల్లా వంటింట్లో పనివాళ్ళు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. ఈవిడకేమో దోహాలో రోజుకో విందు, పూటకో టోపీ. వెస్ట్ బే హోటళ్ళలో ఆవిడ లేని ఫొటో లేదు. నవ్వడం తప్ప ఈమెకేం తెలుసు అనుకున్నారు జనం. రత్నాకరూ అనుకున్నాడు.

పోయిన చలికాలంలో వాళ్ళ నాన్న ఓడ ఒకటి మునిగి పదకొండు మంది పోయారు. ఓడ అడుగు పుచ్చిపోయిందని ఆయనకు ముందే తెలుసు. ఆ సంగతి మేడమ్‌కు తెలుసు. ఇవాళ మూడింటికి వెస్ట్ బేలోని వకీలు ఆఫీసు నుంచి వీడియోలో ఆ మాట అక్కడి కోర్టుకు చెప్పాలి. ఇవాళ చెప్పకపోతే కేసు మూసేస్తారు. కూతురి నోరు నొక్కడానికి తండ్రి మనుషుల్ని దింపాడు.

రత్నాకర్ కారును ముఐథర్ సందుల్లోకి తిప్పాడు. వెనక సీట్లో తెల్ల స్కార్ఫు, ముఖం సగం కప్పే నల్ల కళ్ళద్దాలు. ఆ పెదాలు వణకడం అద్దంలో కనబడి అతని ప్రాణం విలవిల్లాడింది. ఈ మనిషి ఒంటి మీద చెయ్యి పడితే తను చచ్చినట్టే.

రెండూ ముప్పైకి సిగ్నల్ దగ్గర ఆగక తప్పలేదు. ల్యాండ్‌క్రూజర్‌లోంచి సూటువాడొకడు దిగొచ్చి అద్దం మీద కొట్టాడు. రత్నాకర్ దాన్ని వేలెడంత దించాడు.

"మేడమ్‌తో మాట్లాడాలి."

"మాఫీ సార్. మేడమ్‌కు తలకాయ నొస్తుంది, పండుకుంది."

"నీ వీసా ఊడగొట్టడం నాకెంతసేపు?"

"నా డ్యూటీ నేను చేస్తున్న సార్."

పచ్చలైటు పడింది. కాలు ఎంత గట్టిగా నొక్కాడో అతనికే తెలీదు. కుడికి తిప్పాడు, మళ్ళీ ఎడమకు తిప్పాడు. ముందు గోడ అడ్డమొచ్చింది. వెనక ల్యాండ్‌క్రూజర్ వచ్చి ఆగింది.

రెండూ నలభై ఎనిమిది.

"తలుపు తీయ్!"

"తాళం పడిపోయింది సార్. జర ఆగుండ్రి."

ఉన్న మీటలన్నీ నొక్కుతున్నట్టు నటించాడు. వచ్చిన దండకమంతా చదివాడు. హారన్ కొట్టాడు, ఎవరూ రాలేదు. వాళ్ళు స్పానరు తెచ్చి డ్రైవర్ పక్క అద్దం పగలగొట్టేసరికి ఒళ్ళంతా గాజుపెంకులు పడ్డాయి. ఒక చెయ్యి లోపలికొచ్చి తాళం మీట వెతికింది.

మూడూ రెండు. వెస్ట్ బే ఎక్కడో ఊరికి ఆ చివర ఉంది.

సూటువాడు వెనక తలుపు లాగగానే, స్కార్ఫూ కళ్ళద్దాలూ తీసి ఒళ్ళో పెట్టుకుని, రత్నాకర్ భార్య సుమలత వణుకుతూనే మొగుణ్ని అడిగింది: "ఇగో, మూడు దాటింది గదా, మేడమ్ ఆడ వకీలు ఆఫీసుల మొత్తం చెప్తనే ఉంటది, ఇగ మనం ఇంటికి పోదామా?"