చివరి నాలుగు అంకెలు

మా ఇంట్లో నన్ను ఫోను పిచ్చిది అంటారు. "ఎవనితోనో మాట్లాడతాంటాది" అని అమ్మ అనుమానం. నిజానికి ఇంట్లో అందరి ఆధార్‌కూ ఇచ్చింది నా నంబరే. అవ్వ పింఛనుకైనా, నాయన పంట బీమాకైనా ఓటీపీ నాకే వస్తుంది. చెప్పేది నేనే.

పొద్దున సిరిగేరి ఆన్‌లైన్ సెంటర్ నుంచి మా అన్న కేశవ ఫోన్ చేశాడు.

"రోహిణీ, ఓటీపీ వచ్చింటాది, బేగ చెప్పు."

"ఎవరిదన్నా?"

"ఎవరిదైతే నీకేందిమే? రోజూ చెప్పేదే కదా!"

మెసేజ్ చూశాను. ఆధార్ చివరి నాలుగు అంకెలు నావి.

"ఇది నాది. దేనికి?"

"వరిమడిలో నీ వాటా నాకి విడిచినట్టు అర్జీ పెడతాండాం. నాయన, అమ్మ, మామ అందరూ ఒప్పుకున్యారు."

"నన్నెవరూ అడగలేదే?"

"ఇప్పుడు అడుగుతాండా కదమే! సర్వర్ పోతాది, చెప్పు."

ఇప్పుడు అడుగుతున్నాడన్నది నిజమే. ఈ ఇంట్లో నా సమ్మతి కావాలని మొదటిసారి పట్టుబట్టింది ఆ సర్వరే.

ఓటీపీ గడువు దాటిపోయింది. అన్న మళ్లీ పంపించాడు. అదీ చెప్పలేదు. చెప్పను.