దించిన చుక్కలు

"చూశారా డాక్టరు గారూ, నా షుగరు జారుడుబల్ల ఎక్కి ఎలా దిగిందో!" భర్త గ్రాఫు కాగితాన్ని బల్ల మీద పరిచాడు. "తలరాత బ్రహ్మ రాస్తే, నా తలగీత మా ఆవిడ గీసింది. డ్రాయింగు టీచరు మరి!"

డాక్టరు చుక్కల వెంట వేలు జరిపారు. "బాగా తగ్గింది. మాత్ర సగం చేసేద్దాం. రక్తపరీక్ష రిపోర్టులేవీ?"

"ఇంట్లో మర్చిపోయామండీ," అంది భార్య.

డాక్టరు పెన్ను మందుల చీటీ మీద వాలింది. ఆమె చూపు ఆ పెన్ను మీదే ఉంది. షుగరు అంకె పెరిగిన రోజున భర్త అన్నం మానేసి, గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. అందుకే ఆర్నెల్లుగా రిపోర్టులు తనే తెచ్చి, పెరిగిన ప్రతి చుక్కనీ కిందికి దించి గీసింది.

"ఆగండి! ఆ గీత అబద్ధం. ఈయన బెంగపడతారని నేనే..."

పక్కకి చూసింది. భర్త అప్పటికే చొక్కా జేబులోంచి రిపోర్టుల నకళ్ళు తీసి డాక్టరుకి అందిస్తున్నాడు.

"మీకెలా వచ్చాయి?"

"రక్తం నాది కదే, అడిగితే నాకూ ఇస్తారు."

"మరి తెలిసీ ఇన్నాళ్ళూ మురిసిపోయారేం?"

"గీత దిగిన రోజునే కదా, నువ్వు కడుపునిండా తినేదానివి!"