పొట్టేలు టికెట్

"సంతకం పెట్టు బూజెమా! ఎండ మాడ్చేస్తోంది, నేను ఇంటికి పోవాలి," అన్నాడు మునిసిపాలిటీ ఉద్యోగి తిజానీ, మడిచిన ఉత్తర్వుని అతని ముక్కు ముందు ఆడిస్తూ.

మునిసిపాలిటీ ముద్ర వేసిన ఉత్తర్వు అది. రేపట్నుంచి ఐన్ రుమ్మానా ఊరి ఫుట్‌బాల్ మైదానానికి తాళం. పండగ వెళ్ళగానే అక్కడ కూరగాయల సంత. ఫుట్‌బాల్ క్లబ్బు కార్యదర్శి బూజెమా సంతకం ఒక్కటే తక్కువ.

"ఒక్కసారి అటు చూడండి, తిజానీ గారూ! మెట్ల మీద కాలు పెట్టడానికి చోటుందా?"

"వీళ్ళంతా నీ జట్టు కోసం వచ్చారా?" తిజానీ గోల్ వెనక కట్టేసి ఉన్న పొట్టేలు వైపు వేలు చూపించాడు. "దానికోసం వచ్చారు."

బక్రీద్ ఎనిమిది రోజుల్లో ఉంది. నుదుట గోరింటాకు పెట్టించుకుని, మెలి తిరిగిన కొమ్ములతో ఆ పొట్టేలు పెళ్ళికొడుకులా నిలబడింది. ఆట టికెట్టే లాటరీ టికెట్టు. ఎవరి నంబరు తగిలితే పొట్టేలు వాళ్ళది.

పాపం, బూజెమా చెయ్యని ప్రయత్నం లేదు. ఒక వారం ఉచితంగా జలాబియా పంచితే జనం తిని మూతి తుడుచుకుని వెళ్ళిపోయారు. ఇంకో వారం డప్పుల వాళ్ళని పిలిస్తే, డప్పుల వెంటే వాళ్ళూ వెళ్ళిపోయారు. అందుకే ఈసారి ఆట ముగిశాకే లాటరీ అని మెలిక పెట్టాడు. తొమ్మిది ఆటల్లో ఒక్క గోలైనా వెయ్యని జట్టు మరి! గోల్ పడితే చేతిలో ఉన్న కాగితం చింపి గాల్లోకి చల్లడం ఆ ఊళ్ళో తాతల నాటి అలవాటు. ఈ ఏడాది చీపుళ్ళకి పనే తగల్లేదు.

"పొట్టేలు కోసం కాకుండా నీ జట్టు కోసం ఒక్కడు, ఒకే ఒక్కడు కూర్చున్నాడని చూపించు. ఈ ఉత్తర్వు నేనే చింపేస్తాను," అన్నాడు తిజానీ.

"మీరూ టికెట్ కొన్నారుగా?"

"కొన్నాను. నాకూ ఇంట్లో పిల్లలున్నారు. నా నంబరు నాలుగు వందల పదిహేడు." చొక్కా జేబు తట్టి చూపించాడు. "సరే, ఆట అయ్యాకే పెట్టు సంతకం. చూస్తాగా!"

బూజెమా పక్కన కూలబడ్డాడు. తిజానీ ఉత్తర్వుని ఎండకి అడ్డంగా నుదుటి మీద పట్టుకుని కూర్చున్నాడు.

రెండో సగం సగానికి వచ్చింది. ఎవరికీ గోల్ లేదు.

"రిఫరీ గారూ, తొందరగా ఈల వెయ్యండి! పొట్టేలుకి ఎండదెబ్బ తగుల్తుంది!" అరిచాడొకడు.

"దాన్నే ఆడించండ్రా, అదైనా ఒక గోల్ వేస్తుంది!" ఇంకొకడు.

మెట్లన్నీ ఘొల్లుమన్నాయి. బూజెమా తల వంచుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ మైదానానికి సున్నం గీతలు గీసింది తనే. పండగ వెళ్ళాక ఆ గీతల మీద ఉల్లిపాయల గుట్టలు పోస్తారు.

అప్పుడు ఎదుటి జట్టుకి పెనాల్టీ దక్కింది. ఐన్ రుమ్మానా గోల్‌కీపర్ లజ్హర్, పొద్దున రొట్టెల బట్టీ దగ్గర పనిచేసేవాడు, ఒక పక్కకి దూకి బంతిని పిడికిలితో కొట్టేశాడు. మెట్ల మీద నవ్వులు ఆగిపోయాయి. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. పది నిమిషాలు మిగిలేసరికి జనం లేచి నిలబడ్డారు.

"కొట్టరా నాయనా! అటు కాదు, ఎడమకి, ఎడమకి!"

ఆఖరి నిమిషంలో ఐన్ రుమ్మానాకి ఒక కార్నర్. బంతి గాల్లోంచి దిగింది. గుంపులో ఎవరి తలకి తగిలిందో తెలియదు. వల మాత్రం కదిలింది.

ఊరు ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. తూర్పారబట్టిన ఊకలా తెల్ల కాగితం ముక్కలు గాల్లోకి లేచాయి. బూజెమా ఏడుస్తున్నాడు. తిజానీ అతన్ని వాటేసుకుని రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టి, అంతలోనే తేరుకుని, చొక్కా సర్దుకుంటూ కూర్చున్నాడు.

ఈల మోగింది. బూజెమా లాటరీ చీటీలు వేసిన కుస్కుస్ వండే కుండలోకి చెయ్యి పెట్టి ఒక చీటీ తీశాడు. అందరికీ వినపడేలా చదివాడు.

"నాలుగు వందల పదిహేడు!"

ఎవరూ కదల్లేదు.

"ఇంకొకటి తియ్యనా? అసలు టికెట్ ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి!"

ఒక్క చెయ్యీ లేవలేదు. జనం ఒకరినొకరు చూసుకున్నారు. కాళ్ళ దగ్గరున్న ముక్కలు చూసుకున్నారు. పగలబడి నవ్వారు.

బూజెమా తిజానీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "చూశారా! ఒక్కడి దగ్గరైనా టికెట్ ఉందా? పొట్టేలు కోసం వచ్చినవాళ్ళేనా వీళ్ళు?"

తిజానీ చొక్కా జేబులోంచి టికెట్ తీశాడు. నాలుగు వందల పదిహేడు. ఒక మూల కూడా నలగలేదు.

నవ్వులు ఆగిపోయాయి.

"నా దగ్గరుంది," అన్నాడు తిజానీ. "వీళ్ళ సంగతి నాకు తెలియదు. నేను మాత్రం పొట్టేలు కోసమే వచ్చాను, దాని కోసమే కూర్చున్నాను. ఎన్ని గోల్స్ పడినా నా పని నాకు గుర్తుంటుంది. పెట్టు సంతకం."

బూజెమా మొహం పాలిపోయింది. మెల్లగా కలం తీశాడు. "ఇవ్వండి ఉత్తర్వు."

తిజానీ కుడి చెయ్యి చాపాడు. అందులో ఏమీ లేదు. ఎడమ చెయ్యి చూసుకున్నాడు. జేబులన్నీ తడుముకున్నాడు. వంగి మెట్టు కింద వెతికాడు.

బూజెమా అతని భుజం మీద వాలిన కాగితం ముక్కని రెండు వేళ్ళతో పైకెత్తాడు. దాని మీద మునిసిపాలిటీ ముద్ర సగం ఉంది.