రెండో వరస

సీసాలమ్మ జ్వరంతో మంచం పట్టిన వారంలోనే రెండో వరస సీసాలు పోయాయి.

పోవడమంటే ఎవరో ఎత్తుకుపోలేదు. కొత్తగా వచ్చిన సూపరింటెండెంటే దగ్గరుండి వాటిలో మరిగే నీళ్లు పోయించాడు.

పరిశోధనశాల చివరి గదిలో రెండు అరలు, రెండు వరసల గాజుసీసాలు, వాటి నిండా పండ్ల మీద వాలే బుల్లి ఈగలు. కొత్త యంత్రానికి చోటు కావాలి. అతను రెండు వరసల్నీ భూతద్దం పెట్టి చూశాడు. అవే ఎర్ర కళ్లు, అవే రెక్కలు. ఒకే సరుకు రెండు చోట్ల కనిపిస్తే ఒకటి తీసేయించడం అతనికి గోదాముల్లో పనిచేసిన నాటి నుంచి అలవాటు.

ఎనిమిదో రోజు ఆమె వచ్చింది. సీసాలు తనే కడుక్కుని, ఈగలకు తనే జావ కాచే ముసలావిడ. ఖాళీ అరను చేత్తో తడిమి చూసింది.

"ఇక్కడివేవి బాబూ?"

"కడిగించేశా. నీకు సగం పని తప్పింది, సంతోషించు."

"ఒక్క సీసా అయినా మిగిలిందా?"

"నేను పని చేస్తే పూర్తిగా చేస్తా. అయినా మొదటి వరస ఉందిగా. రెండూ ఒకటేగా!"

"చూడ్డానికి ఒకటే. నలభై ఏళ్ల కింద ఒక తల్లి పిల్లలే. ఆ వరసకు పిండి పెట్టాను, ఈ వరసకు చక్కెర. ఇప్పుడు వాటినీ వీటినీ జత కలిపితే పిల్లలు పుట్టడం లేదు బాబూ. వేరైపోయాయి. రెండుసార్లు చూశాను. మూడోసారి చూడాలి."

అతను పడీపడీ నవ్వాడు.

"అన్నదమ్ములు వేరుపడ్డం చూశాను గానీ, ఈగలు వేరుపడ్డం ఇదే వినడం! మళ్లీ పెంచుకో. అరటిపండు పెడితే పిలవని చుట్టాల్లా దిగుతాయి."

"ఈగలకేం కరువు బాబూ. నాకే ఇంకో నలభై ఏళ్లు లేవు."

"ఇంతకీ హాజరు పట్టీలో నీ పేరే లేదు. తాళంచెవి నీకెవరిచ్చారు?"

ఆమె తాళంచెవి బల్ల మీద పెట్టింది.

"మిగిలినవాటికి రెండు వారాలకోసారి సీసా మార్చండి. మరిచిపోకండి."

"ముందు బయటికి నడు."

నెల తిరక్కుండానే ఆమె పోయింది. కబురు తెచ్చిన తోటమాలి సెలవిస్తారా అని అడిగాడు.

"సీసాలు కడిగే మనిషి పోతే సెలవా? రేపు పిల్లి చచ్చిందని కూడా అడుగుతావు!"

మర్నాడు గేటు ముందు కార్లు బారులు తీరాయి. దిగినవాళ్లంతా తలలు నెరిసినవాళ్లు. చేతికర్ర పట్టుకున్న ప్రొఫెసర్ ఒకాయన ముందుకొచ్చాడు.

"మా మేడం గది చూపిస్తారా?"

"ఏ మేడమండీ?"

"ఈగల మేడం."

"సీసాలమ్మా? ఆవిడ సీసాలు కడిగేది కదా..."

"అవును, రిటైరయ్యాక కూడా తనే కడిగేది. మేం కడిగితే సబ్బు మిగులుతుందని ముట్టుకోనిచ్చేది కాదు. ఒక జాతి రెండుగా ఎలా చీలుతుందో మొదట చెప్పింది ఆవిడే. అందరూ నవ్వారు. కళ్లముందు చూపిస్తానంది. ఇవాళ ఈ శాస్త్రం చెప్పేవాళ్లంతా ఆవిడ శిష్యులో, శిష్యుల శిష్యులో."

గదిలోకి వెళ్లగానే ఆయన ఆగిపోయాడు.

"రెండో వరస ఏది?"

"ఆవిడకు జ్వరమొచ్చినప్పుడు... చూసేవాళ్లు లేక పోయాయండి."

 ప్రొఫెసర్ బల్ల మీదున్న ఆమె నోట్సు పుస్తకం తెరిచాడు.

"జత కలిపిన తేదీలున్నాయి. ఫలితం రాసే గడులన్నీ ఖాళీ. మూడుసార్లు చూడందే రాయదు, నోరు విప్పదు. పోయేముందు మీతో ఏమైనా అందా బాబూ?"

తలలన్నీ సూపరింటెండెంట్ వైపు తిరిగాయి.

"లేదండీ. నాతో ఏమంటుంది?"

ఆ నలభై ఏళ్ల పని ఫలితాన్ని ఆవిడ నోట విన్నవాడు లోకంలో అతనొక్కడే, అతను ఇంకా ఎవరికీ చెప్పలేదు.