పదిన్నరకు తీసే తలుపు

తలుపు మూసి ఉంటుందనుకునే వచ్చింది ప్రిసిల్లా.

తీసే ఉంది.

లోపల ఓ ముసలాయన ఇనప పొయ్యిలో కట్టెలు ఎగదోస్తున్నాడు. అలికిడికి తలెత్తాడు.

"రా అమ్మాయ్, లోపలికి రా. గుమ్మంలో నిలబడితే నీకంటే ముందు చలి వచ్చి కూర్చుంటుంది. మొదటిసారా?"

ప్రిసిల్లా తడబడింది.

ఆమె పుట్టుకతో క్వేకర్, మౌనంగా కూర్చుని ప్రార్థించే క్రైస్తవ శాఖ మనిషి. చుట్టుపక్కల లోయల్లోని క్వేకర్ మందిరాలన్నిటి బాగోగులు చూసేది ఆమే. రేవెన్‌గిల్‌లోని ఈ మందిరం సభ్యుల జాబితాలో ఒక్క పేరూ మిగల్లేదు. ఈ మందిరం ఉండాలో మూసెయ్యాలో వచ్చే శనివారం ప్రాంతీయ సభలో తేలిపోతుంది. మూసెయ్యమని చెప్పేముందు ఒక్కసారి కళ్ళారా చూద్దామని గంటన్నర కారు నడుపుకుంటూ వచ్చింది.

"ఇక్కడికి... మొదటిసారే," అంది.

అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు. ఆమెకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది.

"కంగారుపడకు. ఇక్కడ పాస్టరు ఉండడు, పాటలుండవు, కానుకల పళ్ళెం తిరగదు. గంటసేపు ఊరికే కూర్చోవడమే."

"ఏమీ చెయ్యకుండానా?"

"అదే కష్టం! మొదటి వారం నేను కిటికీ అద్దాలు లెక్కపెట్టాను. ముప్ఫై రెండు. నీకా శ్రమ లేకుండా ముందే చెప్పేస్తున్నా."

ప్రిసిల్లాకు నవ్వొచ్చింది. కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఆమె ఎనిమిది పేజీల పుస్తకం రాసింది. అందులో నవ్వొచ్చే మాట ఒక్కటీ లేదు.

ఆ పుస్తకంలో రెండు పేజీలు తినేసిన ప్రశ్న ఆయన్నే అడిగింది.

"దేవుణ్ణి నమ్మాలా?"

"అది కూర్చున్నాక తేలే సంగతి. గుమ్మంలోనే అడగడం మర్యాద కాదు." ఆయన పొయ్యి తలుపు మూశాడు. "లోపల్నుంచి మాట తన్నుకొస్తే లేచి చెప్పొచ్చు. రాకపోతే మరీ మంచిది. చివర్లో నీకు చెయ్యి అందిస్తాను. అంటే అయిపోయిందన్నమాట."

ఎదురెదురు బల్లల మీద ఇద్దరే కూర్చున్నారు.

బయట చినుకులు. ఎక్కడో ఒక గొర్రె అరిచింది. ప్రిసిల్లా తల నిండా జాబితాలూ, ఉత్తరాలూ, శనివారం చెప్పాల్సిన మాటలూ. కాసేపటికి అవి ఒక్కొక్కటే సర్దుకున్నాయి. నలభైమంది కూర్చునే తమ పట్నం మందిరంలో కొన్నేళ్ళుగా దొరకని నిశ్శబ్దం ఇక్కడ దొరికింది.

ఆయన చెయ్యి అందించేసరికి ఉలిక్కిపడింది. గంట అయిపోయిందా!

ఫ్లాస్కులోంచి టీ పోసి, అల్లం కేకు ముక్క చేతిలో పెట్టాడాయన. పేరు ఆల్బన్ అన్నాడు.

"పోయిన వారం ఎంతమంది వచ్చారు?"

"ఒక్కరు."

"ఎవరు?"

"నేనే."

"ఎప్పుడూ ఇంతేనా?"

"ఎంతమాట! ఈస్టర్‌కి ఇద్దరు కుర్రాళ్ళు వానలో తడిసి దూరారు. ఒకడు గురకపెట్టాడు. ఇంకొకడు వెళ్తూ వెళ్తూ కళ్ళు తుడుచుకున్నాడు. ఎందుకో నేనడగలేదు."

"ఎవరూ రానప్పుడు కూడా తియ్యడం ఎందుకు?"

ఆయన వింతగా చూశాడు.

"బయట బోర్డు చూళ్ళేదా? ఆదివారం పదిన్నరకు, అందరూ రావచ్చు అని ఉంది. తలుపు మూసుంటే అది అబద్ధమైపోదూ?"

ప్రిసిల్లా తల దించుకుంది. తనెవరో చెప్పేద్దామనుకుంది. కేకు ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.

"వచ్చే వారం వస్తావా తల్లీ?"

"వస్తాను."

శనివారం సభలో కార్యదర్శి గాడ్‌ఫ్రీ రాసుకొచ్చింది చదివాడు.

"రేవెన్‌గిల్‌లో మనవారు ఎవరూ మిగల్లేదు కనుక మందిరం మూసివేయడమైనది."

క్వేకర్ల సభలో ఓట్లుండవు. ఒక్కరి మనసు ఒప్పుకోకపోయినా కార్యదర్శి కలం ఆగాల్సిందే.

ప్రిసిల్లా లేచింది. "ఒకరున్నారు."

"జాబితాలో లేరే?"

"జాబితా పాతదై ఉంటుంది. మనిషిని నేను చూశాను. ఎదురుగా కూర్చుని వచ్చాను."

"ఒక్క ముసలాయన కోసం ఒక మందిరమా, ప్రిసిల్లా?"

"ఆయన తనకోసం తియ్యడం లేదు గాడ్‌ఫ్రీ. ఇంకా రానివాళ్ళకోసం తీస్తున్నాడు. కొత్తవాళ్ళని ఎలా పిలవాలో నేను ఎనిమిది పేజీలు రాశాను. ఆయన బల్ల చూపించి, టీ పోశాడు. మనలో నిజమైన క్వేకర్ ఎవరో నాకు తెలిసిపోయింది."



గాడ్‌ఫ్రీ ఆ వాక్యం కొట్టేసి, మళ్ళీ రాసి చదివాడు. "రేవెన్‌గిల్‌లో మనవారు ఒకరున్నారు. మందిరం ఉంటుంది."

ఎవరి మనసూ అడ్డు చెప్పలేదు.

మర్నాడు ప్రిసిల్లా దారి పొడుగునా ఒకటే మాట నెమరేసుకుంది. 'నేను కొత్తదాన్ని కాదు. చెప్పనందుకు క్షమించండి.' సంచిలో సభ్యత్వ కాగితం ఉంది. ఆయన పేరు జాబితాలోకి ఎక్కించాలి.

పదీ ఇరవై. తలుపు మూసి ఉంది.

పక్కింట్లోంచి నోరా అనే ఆవిడ శాలువా కప్పుకుంటూ వచ్చింది. చేతిలో తాళంచెవి.

"ఆల్బన్ కోసమా? గురువారం పోయాడమ్మా. నిద్రలోనే."

ప్రిసిల్లా సంచిలోని కాగితాన్ని చేత్తో తడిమింది.

"అంత్యక్రియలు ఈ మందిరంలోనేగా?"

"ఇక్కడెందుకు? వంతెన దగ్గర మెథడిస్టు చర్చిలో. పుట్టినప్పట్నుంచీ అతని చర్చి అదే. పొద్దున ఇక్కడ కూర్చుని, సాయంకాలం ప్రార్థనకు అక్కడికెళ్ళేవాడు."

"కాదండీ, ఆల్బన్ క్వేకర్..."

"ఆల్బన్ క్వేకరేంటి తల్లీ!" నోరా నిట్టూర్చింది. "తొమ్మిదేళ్ళ కిందట ఈ కప్పు బాగుచెయ్యడానికొచ్చిన మేస్త్రీ అతను. ఇక్కడ మిగిలిన చిట్టచివరి క్వేకర్ ఎడిత్ ఆసుపత్రికెళ్తూ, 'ఆదివారం ఎవరైనా కొత్తవాళ్ళు రావచ్చు, నేనొచ్చేదాకా కాస్త తలుపు తీసిపెడతావా బాబూ' అంది. ఆవిడ మళ్ళీ రాలేదు."